ఉక్కు అంచుకు శత్రువెవరు? కలకత్తా ఐసు చెప్పే కథ

జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత పన్నెండు డిగ్రీల సెంటీగ్రేడుకు దిగితే చాలు, కలకత్తా అంతా మంకీ క్యాపుల్లోకి దూరిపోతుంది. కాని ఎంత చలి వేసినా అక్కడి చెరువులు గడ్డకట్టవు. అటువంటి ఊరిని పెట్టుకుని, గడ్డకట్టిన చెరువుల మీద జారే ఐస్ స్కేట్ల గురించి మాట్లాడటం ఏమిటని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

శీతల దేశాల్లో ఆరుబయట స్కేటింగు చేసేవాళ్ళను గమనిస్తే ఒక విషయం వింతగా కనిపిస్తుంది. వాళ్ళు తమ స్కేట్ల అడుగున ఉండే ఉక్కు పట్టీని కంటికి రెప్పలా చూసుకుంటారు. ఐసు మీద నుంచి దిగగానే దానికి తొడుగు వేస్తారు. ఇంటికి చేరగానే తొడుగు తీసి, పొడిగుడ్డతో తుడిచి, మరో రకం మెత్తటి తొడుగులో పెడతారు. ఉక్కు ఎక్కడ, ఐసు ఎక్కడ! పళ్ళతో కొరికితే విరిగిపోయే ఐసు ఉక్కును ఏం చేయగలదు? మరి ఈ జాగ్రత్తంతా ఎవరి నుంచి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ వెళితే, 1833లో కలకత్తా రేవులో దిగిన ఒక విచిత్రమైన సరుకు దగ్గర చాలా విషయాలు తెలుస్తాయి.

ముందుగా ఒక మాట. అనువాదాలు చేసేవాళ్ళకు 'మంచు' అన్న మాటతో ఎప్పుడూ తంటాయే. ఆకు మీద నిలిచే బిందువూ మంచే, ఉదయం దారి కనపడకుండా చేసేదీ మంచే, హిమాలయాల మీద దూదిలా రాలేదీ మంచే, రాయిలా గట్టిపడిన నీరూ మంచే! అందుకని ఈ వ్యాసంలో గట్టిగా గడ్డకట్టిన నీటిని ఐసు అనీ, ఆకాశం నుంచి పొడిగా రాలేదాన్ని మంచు అనీ అంటాను.

ఓడలో వచ్చిన చెరువు

అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ ఒక మొండి వ్యాపారి. చలికాలంలో తన ఊరి చెరువుల మీద ఊరికే పడి ఉండే ఐసును వేడి దేశాలకు అమ్మాలని ఆయన పట్టుదల. 1806లో మొదటి సరుకును కరీబియన్ దీవుల్లోని మార్టినిక్‌కు పంపాడు. ఊరంతా నవ్వింది. నష్టాలు వచ్చాయి, అప్పులయ్యాయి, అప్పులు తీర్చలేక జైలుకు కూడా వెళ్ళివచ్చాడు. అయినా వదల్లేదు.

1833 మే నెలలో 'టస్కనీ' అనే ఓడ సుమారు 180 టన్నుల ఐసుతో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరింది. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలు ప్రయాణం చేసి, సెప్టెంబరులో హుగ్లీ నదిలోకి వచ్చింది. ఓడ అడుగున ఇంకా సుమారు 100 టన్నుల ఐసు మిగిలే ఉంది! సుంకం అధికారులు ఆ సరుకు మీద పన్ను వదిలేసి, ఎండ తగలకుండా రాత్రిపూట దించుకోవడానికి కూడా అనుమతించారు. గవర్నర్ జనరల్ విలియం బెంటింక్, సరుకు వెంట వచ్చిన విలియం రోజర్స్‌కు వెండి పాత్ర బహూకరించాడు. ఊళ్ళోని ఆంగ్లేయులు చందాలు వేసుకుని ఐసు నిలవచేయడానికి ఒక భవనమే కట్టించారు.

నాలుగు నెలలపాటు ఉష్ణమండలంలో తిరిగిన ఐసు ఎలా మిగిలింది? ఇందులో మాయమర్మం లేదు, లెక్క ఉంది. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారని మీరు చదువుకునే ఉంటారు. ఆ వేడి లోపలికి రావలసింది పైతలం గుండానే. 180 టన్నుల ఐసును కిలో ముక్కలుగా విడివిడిగా పెడితే ఉండే మొత్తం పైతలం, అదంతా ఒకే పెద్ద ఘనంగా పేరిస్తే ఉండే పైతలం కంటే 56 రెట్లు ఎక్కువ. (1,80,000కి ఘనమూలం కట్టి చూడండి.) అంటే దగ్గరగా, సందు లేకుండా పేర్చడంలోనే సగం రహస్యం ఉంది. మిగతా సగం చుట్టూ దట్టించిన చెట్టుబెరడు పొడి, ఎండుగడ్డి. వీటి మధ్య చిక్కుకున్న గాలి వేడిని సులభంగా లోపలికి పోనివ్వదు. తరువాతి కాలంలో రంపపు పొట్టు వాడారు. కలప మిల్లులవాళ్ళు పారబోసే పొట్టుకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ట్యూడర్ ఓడ రాకముందు బెంగాల్లో ఐసు లేదని అనుకోకండి. హుగ్లీ, చిన్సురా ప్రాంతాల్లో చలికాలపు రాత్రులు ఐసు తయారుచేసే పనివాళ్ళు ఉండేవారు. పొలంలో లోతు తక్కువ గుంటలు తవ్వి, వాటిలో ఎండుగడ్డి పరిచి, దాని మీద మెరుగు పెట్టని మట్టి మూకుళ్ళలో పలచగా నీళ్ళు పోసి ఉంచేవారు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి వీచని రాత్రి, తెల్లవారేసరికి మూకుళ్ళలో పలచటి ఐసు పొర కట్టేది. గాలి ఉష్ణోగ్రత సున్నా కంటే పైనే ఉన్నా సరే! అలహాబాదు ప్రాంతంలో ఇలాంటి పద్ధతినే రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. నీరు తన వేడిని వికిరణం ద్వారా ఆకాశంలోకి పంపి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గడ్డి కింది నుంచి నేలవేడిని రానివ్వదు. విలియం వెల్స్ 1814లో మంచుబిందువుల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ కిటుకును వివరించాడు. ఆ పనివాళ్ళకు వికిరణం అన్న మాట తెలియకపోవచ్చు. ఏ రాత్రి మూకుళ్ళు పరచాలో, ఏ రాత్రి పరిచినా దండగో మాత్రం బాగా తెలుసు.

ఈ హుగ్లీ ఐసు పలచగా ఉండి, బురదతో కలిసి, త్వరగా కరిగిపోయేది. అద్దంలా తేటగా ఉండే బోస్టన్ గడ్డ ముందు అది నిలవలేకపోయింది. పన్ను లేకుండా వచ్చిన విదేశీ సరుకు పోటీలో మూకుళ్ళ ఐసువాళ్ళ జీవనోపాధి తుడిచిపెట్టుకుపోయింది. సూరేకారం కలిపిన నీటిలో పానీయాలను చల్లబరిచే 'ఆబ్దారు' నౌకర్ల నైపుణ్యానికీ విలువ తగ్గింది. వెండి పాత్ర అందుకున్న రోజర్స్ పేరు చరిత్రలో ఉంది. మూకుళ్ళు పరిచినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

చెరువు మీద నాగలి

అద్దంలా తేటగా అన్నాను కదా, ఆ తేటదనం ఎక్కడ నుంచి వచ్చింది? మన స్కేట్ల ప్రశ్నకు దారి ఇక్కడే ఉంది.

బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలో ఫ్రెష్ పాండ్ అనే చెరువు ఉంది. దాని గట్టునే పెరిగిన నతానియెల్ వైత్ 1820ల్లో ట్యూడర్ కోసం ఐసు కోసే నాగలిని తయారుచేశాడు. గుర్రం లాగే చట్రం, దాని అడుగున రంపంలాంటి ఇనప పళ్ళు. పొలంలో చాలు తీసినట్టే ఐసు మీద నిలువుగా, అడ్డంగా గాట్లు పెట్టి, ఒకే కొలత గల దిమ్మెలుగా విడగొట్టేవారు. దిమ్మెలన్నీ ఒకే కొలతలో ఉంటేనే ఓడలో సందు లేకుండా పేర్చగలం. ఇందాక వేసిన లెక్క గుర్తుంది కదా!

నాగలి దిగేముందు జరిగే పని ఇంకా ముఖ్యమైనది. చలికాలం మొదట్లో చెరువు మీద ఐసు కట్టిన దగ్గర నుంచి దాన్ని పంటలా కాపాడేవారు. పైన మంచు రాలితే వెంటనే గీకి తీసేసేవారు. మంచు దుప్పటిలాంటిది. అది కప్పి ఉంటే కింది ఐసు మందం పెరగదు. అదే మంచు తడిసి గడ్డకడితే గాలి బుడగలతో నిండిన తెల్లటి, బలహీనమైన ఐసు అవుతుంది. పైనున్న అటువంటి పొరను చెక్కి పారేసేవారు. లాగే గుర్రం పేడ వేస్తే? అందుకోసం ప్రత్యేకంగా ఒక కుర్రవాడు చిన్న బండి లాక్కుంటూ తిరిగేవాడు. మీకు నవ్వు రావచ్చు గాని, ఎక్కడో సముద్రాల అవతల దొరల పానీయంలో తేలబోయే సరుకు అది.

నీరు నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు దాని స్ఫటిక నిర్మాణంలో ఇతర పదార్థాలకు చోటు ఉండదు. కరిగి ఉన్న లవణాలను, గాలిని అది కిందికి నెట్టివేస్తుంది. నల్లగా, లోతు కనపడేట్టు కట్టిన చెరువు ఐసు తేటగా ఉండటానికి కారణం ఇదే. సూక్ష్మజీవులు మాత్రం ఐసులోనూ బతికి ఉండగలవని తరువాత తెలిసింది. కంటికి తేటగా కనపడేదంతా ఆరోగ్యకరం కాదన్నమాట.

ఇదే చెరువుల మీద చలికాలమంతా స్కేట్లు కూడా తిరిగేవి. వాల్డెన్ చెరువు గట్టున కాపురమున్న రచయిత హెన్రీ డేవిడ్ థోరో మంచి స్కేటరు. 1846-47 చలికాలంలో ఐసు కోసే కూలీలు వాల్డెన్‌కు వచ్చారు. మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో చెమటలు కక్కుతున్న జనం తన చెరువు నీళ్ళు తాగుతున్నారని ఆయన 1854లో వచ్చిన తన 'వాల్డెన్' పుస్తకంలో ఊహించుకున్నాడు. నిజానికి ఆ ఏడు కోసిన గుట్టలో పెద్ద భాగం ఓడ ఎక్కనే లేదు. 1848 సెప్టెంబరు దాకా గట్టునే ఉండి, కరిగి, మళ్ళీ చెరువులోకే పోయింది. ఈ సంగతీ ఆయనే రాశాడు.

ఐసు కోసేవాడికీ, ఐసు మీద జారేవాడికీ కావలసింది ఒకటే. దుమ్ము, ఇసుక, ఆకు, పుల్ల లేని శుభ్రమైన ఐసు. మొదటివాడికి అది సరుకు నాణ్యత, రెండోవాడికి తన ఉక్కు అంచు ప్రాణం. ఎందుకో చూద్దాం.

ఏది దేన్ని గీస్తుంది?

ఖనిజాల గట్టితనాన్ని కొలవడానికి 'మోహ్స్' కొలమానం ఉందని మీకు తెలుసు. గట్టిది మెత్తటిదాన్ని గీస్తుంది అన్నదే దాని సూత్రం. సున్నాకు దగ్గర ఉష్ణోగ్రతలో ఐసు విలువ సుమారు 1.5. గోరు విలువ 2.5, అంటే ఐసు మన గోరుకంటే మెత్తన. స్కేట్ల ఉక్కు విలువ 6కు అటూ ఇటూగా ఉంటుంది. చెరువు గట్టున దొరికే మామూలు ఇసుక క్వార్ట్జ్, దాని విలువ 7!

ఐసు మీద వేల మైళ్ళు తిరిగినా ఉక్కుకు పెద్దగా నష్టం లేదు గాని, ఐసులో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు మీదుగా పోతే అంచుకు గాటు పడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉండే స్కేటు పట్టీ అడుగున నిలువునా సన్నటి గాడి తీసి ఉంటుంది. గాడికి రెండు పక్కలా రెండు పదునైన అంచులు ఉంటాయి. మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా, నెట్టుకుని ముందుకు పోవాలన్నా ఆ అంచే ఐసును పట్టుకోవాలి. అంచు మొద్దుబారితే కాలు పక్కకు జారిపోతుంది. మళ్ళీ సానపట్టవచ్చు, కాని సానపట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది. కూరగాయలు కోసే కత్తిపీటను ఏళ్ళ తరబడి సానపడితే ఎలా సన్నబడిపోతుందో చూశారుగా, అలాగే.

ఆరుబయట ఈ ఇసుక ఎన్నో దారుల్లో వస్తుంది. గాలి మోసుకొస్తుంది. దారి మీద జారకుండా ఉండటానికి శీతల దేశాల్లో ఇసుక, ఉప్పు చల్లుతారు. అది బూట్లకు అంటుకుని చెరువు దాకా వస్తుంది. ఎండుటాకుది మరో రకం అల్లరి. ముదురు రంగు ఆకు ఎండను పీల్చుకుని వేడెక్కి, తన కింద ఐసును కరిగించి గుంటలోకి దిగుతుంది. ఆ గుంటలో స్కేటు కొన తట్టుకుంటే మనిషే బోర్లా పడతాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ముందు చెరువు ఊడ్చుకుని తరువాత స్కేట్లు కడతారు. ట్యూడర్ మనుషులు చేసిందీ అదే.

తుడవాల్సిన నీళ్ళు

రెండో శత్రువు నీరు. సున్నా కంటే పది డిగ్రీలు తక్కువ చలిలో ఉక్కు మీదికి నీరు ఎక్కడ నుంచి వస్తుంది? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం తికమక పెట్టింది.

ఒత్తిడి పెంచితే ఐసు సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుందని జేమ్స్ థామ్సన్ 1849లో లెక్కగట్టాడు. స్కేటరు బరువంతా సన్నటి పట్టీ మీద పడి కింది ఐసు కరుగుతుందని, అందుకే జారుతున్నాడని ఐర్లండు శాస్త్రజ్ఞుడు జాన్ జోలీ 1886లో వాదించాడు. ఇప్పటికీ కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఇదే ఉంటుంది. మనమే లెక్క వేసి చూద్దాం. అరవై కిలోల మనిషి ఒంటికాలి మీద ఉన్నాడు. పట్టీ వెడల్పు మూడు మిల్లీమీటర్లు, ఐసును తాకుతున్న పొడవు పది సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం మూడు చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇరవై కిలోలు, అంటే దాదాపు 20 వాతావరణ పీడనాలు. ఒక్కో వాతావరణ పీడనానికి కరిగే ఉష్ణోగ్రత తగ్గేది 0.0075 డిగ్రీలే. మొత్తం తగ్గింపు 0.15 డిగ్రీలు! మైనస్ పది డిగ్రీల చలిలో ఇది ఏ మూలకు? బరువంతా అంచు మీదే మోపితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది, నిజమే. అయినా మైనస్ ఇరవైలో కూడా జనం హాయిగా జారుతున్నారు.

1939లో బౌడన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్విట్జర్లండులో యుంగ్‌ఫ్రౌయోఖ్ పర్వత పరిశోధనశాలలో ప్రయోగాలు చేసి, ఘర్షణ వల్ల పుట్టే వేడే ప్రధాన కారణమని చూపారు. మరి కదలకుండా నిలబడినా జారుతుందే? దానికి జవాబు మైకేల్ ఫారడే 1850లోనే సూచించాడు. రెండు ఐసు ముక్కలను ఒకదానికొకటి ఆనించి ఉంచితే అతుక్కుపోతాయి. ఐసు పైన ఎప్పుడూ పలచటి ద్రవపు పొరలాంటిది ఉంటుందని, రెండు ముక్కల మధ్య చిక్కుకున్నప్పుడు అది గడ్డకడుతుందని ఆయన ఊహించాడు. పైపొరలోని అణువులకు పట్టుకోవడానికి పైన ఇరుగుపొరుగు లేకపోవడం వల్ల అవి వదులుగా కదులుతూ ఉంటాయని నేటి పరిశోధనలు ఫారడేను సమర్థిస్తున్నాయి. ఒత్తిడి, ఘర్షణ, ఈ పైపొర – వీటిలో దేని వాటా ఎంత అన్న చర్చ మాత్రం ఇంకా ముగియలేదు.

ఫారడే పేరు వచ్చింది కనుక చిన్న పక్కదారి పడతాను. విద్యుత్తు జోలికి పూర్తిగా వెళ్ళకముందు, ఈ కమ్మరి కొడుకు చేసిన పరిశోధన ఏమిటో తెలుసా? మన ఉక్కు! దక్షిణ భారతం నుంచి 'వూట్జ్' పేరుతో వెళ్ళే ఉక్కును ఆయన 1819లో విశ్లేషించాడు. 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు' మాటకే వచ్చిన వికారం అంటారు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపొందిన ఊరు. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు. వూట్జ్ అంత గొప్ప అంచు ఎలా నిలుపుకుంటుందో తెలుసుకోవాలని ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్టు కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, నికెల్, క్రోమియం వంటివి కలిపి చూశారు. పదునుతోపాటు, తుప్పు పట్టని లోహం కోసం కూడా వాళ్ళు వెదికారు. తుప్పు పట్టని ఉక్కు వాడకంలోకి రావడానికి మాత్రం 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రెయర్లీ దాకా ఆగాల్సి వచ్చింది. దానికి మూలం, ఫారడే చేతిలో ఉండి కూడా తగినంత కలపని క్రోమియమే.

మళ్ళీ స్కేటు దగ్గరకు వద్దాం. కళాత్మక స్కేటింగుకు వాడే పట్టీలు చాలావరకు కార్బను ఉక్కువే. పైన క్రోమియం పూత ఉంటుంది. కాని సానపట్టినప్పుడు అడుగు అంచుల దగ్గర పూత పోయి, లోపలి ఉక్కు బయటపడుతుంది. అంటే పదునుగా ఉండాల్సిన చోటే రక్షణ లేదన్నమాట! ఐసు పొడి, పలచటి నీరు అక్కడే అంటుకుంటాయి. పైగా మైనస్ పది చలి నుంచి వెచ్చటి గదిలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు, గదిలోని తేమ కూడా పట్టీ మీద పేరుకుంటుంది. నీరు, ఆక్సిజన్ కలిస్తే ఇనుము ఎలక్ట్రాన్లు కోల్పోయి తుప్పుగా మారడం మొదలవుతుంది. దారి నుంచి వచ్చిన ఉప్పు ఆ నీటిలో కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహించి పని ఇంకా వేగంగా సాగుతుంది. గాలిలో తేమ అరవై శాతం దాటితేనే ఉక్కుకు కీడు మొదలవుతుందంటారు. వర్షాకాలంలో ఎనభై దాటే కోల్‌కతాలో స్కేట్లు లేకపోవచ్చు గాని, కిటికీ ఊచల నుంచి హౌరా వంతెన దాకా ఉక్కుకు రంగు వేయడమన్నది ఎప్పటికీ తీరని పని.

తొడుగు ఎప్పుడు పుట్టింది?

అన్నిటికంటే పాత స్కేట్లకు తొడుగు అక్కర్లేదు. అవి గుర్రం, ఎద్దు కాళ్ళ ఎముకలు. వాటికి అంచే లేదు. చేతికర్రతో నేలను పొడుస్తూ ముందుకు జారేవారు. ఎముకలోని కొవ్వే కందెన. మధ్యయుగాల్లో హాలండు ప్రాంతం వారు చెక్క దిమ్మెకు ఇనప పట్టీ బిగించాక అంచు పుట్టింది, కర్ర పోయింది. 1850 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బుష్నెల్ అనే ఆయన పూర్తిగా ఉక్కుతో చేసిన స్కేటు తెచ్చాడు. ఇవన్నీ మామూలు బూటుకు బిగించుకునేవే. చెరువు దాకా చేత్తో పట్టుకుపోయి, గట్టున కూర్చుని బిగించుకుని, వచ్చేటప్పుడు విప్పి చంకన పెట్టుకుంటే సరిపోయేది. 1860ల్లో జాక్సన్ హెయిన్స్ అనే నర్తకుడు గెంతులకు, గింగిరాలకు నిలవాలని పట్టీని బూటుకే మరలతో బిగించేశాడు. ఆట ఎంతో ముందుకు పోయింది, కాని ఒక చిక్కు వచ్చింది. బూటు విప్పకుండా స్కేటు విప్పలేం. గట్టు నుంచి ఐసు దాకా నాలుగడుగులు రాతి మీదో, మట్టి మీదో వేయక తప్పదు. తొడుగు అవసరం అప్పటి నుంచీ పెరిగిందని నా అభిప్రాయం.

తొడుగుల్లో రెండు రకాలున్నాయని ముందే చెప్పాను. నడవడానికి గట్టి ప్లాస్టిక్ తొడుగు, దాచడానికి నీరు పీల్చే మెత్తటి గుడ్డ తొడుగు. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. తడి పట్టీని గట్టి తొడుగులోనే వదిలేస్తే నీరు ఆరే దారి లేక, రాత్రికి రాత్రే ఎర్రటి మచ్చలు పడతాయి. ఇసుక నుంచి కాపాడిన తొడుగే తుప్పుకు ఇల్లవుతుంది. చాలామంది కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇదే.

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండులో ఈ సమస్యకు ఒక ఊరుమ్మడి పరిష్కారం ఉంది. పదకొండు పట్టణాలను కలుపుతూ గడ్డకట్టిన కాలువల మీద దాదాపు 200 కిలోమీటర్లు సాగే పందెం అక్కడి గొప్ప పండుగ. వంతెనల కింద ఐసు పలచగా ఉన్నచోట స్కేటర్లు గట్టెక్కి, స్కేట్లతోనే నడిచి, అవతల మళ్ళీ దిగాలి. వేలమంది ఆగి తొడుగులు వేసుకుంటూ కూర్చుంటే పందెమెలా సాగుతుంది? అందుకని దారి పొడవునా తివాచీలు పరుస్తారు. ఒక్కొక్క స్కేటుకూ తొడుగు వేసే బదులు నేలకే తొడుగు వేయడమన్నమాట. ఇలా నడవడానికి వాళ్ళ భాషలో 'క్లూనెన్' అనే ప్రత్యేకమైన క్రియాపదమే ఉంది. 1909లో మొదలైన ఈ పందెం పదిహేనుసార్లు జరిగింది. చివరిది 1997 జనవరి 4న. కాలువలన్నీ తగినంత మందంగా గడ్డకట్టే చలికాలం ఆ తరువాత రాలేదు.

మన దేశంలో

కలకత్తా ఐసు వ్యాపారం యంత్రాల రాకతో ముగిసింది. మద్రాసులో 1874లో, కలకత్తాలో 1878లో కృత్రిమ ఐసు కంపెనీలు మొదలయ్యాయి. కొన్నేళ్ళలోనే బోస్టన్ ఓడలు ఆగిపోయాయి. ట్యూడర్ కోసం కట్టిన మూడు భవనాల్లో కలకత్తా, బొంబాయిలవి ఇప్పుడు లేవు. మద్రాసులో 1842లో కట్టినది మాత్రం మెరీనా ఒడ్డున నిలిచి ఉంది. 1897లో వివేకానందుడు బసచేసిన ఆ 'ఐస్ హౌస్' ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. ఇక కోల్‌కతాలో 'ఐస్ స్కేటింగ్ రింక్' అన్న పేరుతోనే ఒక హాలు ఉంది. దశాబ్దాలుగా అక్కడ జరుగుతున్నవి పెళ్ళి విందులు, ప్రదర్శనలు!

మన దేశంలో ఆరుబయట స్కేటింగు చూడాలంటే సిమ్లా వెళ్ళాలి. అక్కడ 1920లో బ్లెస్సింగ్టన్ అనే ఆయన టెన్నిస్ మైదానంలో నీళ్ళు నింపి రింకు మొదలుపెట్టాడు. సాయంత్రం పలచగా నీళ్ళు చల్లితే నిర్మలమైన రాత్రి గడ్డకట్టి ఉదయానికి రింకు సిద్ధమవుతుంది. చిన్సురా మూకుళ్ళ కిటుకే ఇక్కడ మైదానమంత పెద్దదయిందనుకోండి. మబ్బు పడితే ఆ రోజు ఆట లేదు. అక్కడ ఐసు నిలిచే రోజులు తగ్గుతూ వస్తున్నాయి. లద్దాఖ్ రాజధాని లేహ్‌లో మాత్రం చెరువులు ఇప్పటికీ బాగా గడ్డకడతాయి. 2025లో అక్కడ జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఒక తెలంగాణ అమ్మాయి స్పీడ్ స్కేటింగులో బంగారు పతకం గెలిచింది. లేహ్ పట్టణం చుట్టూ ఉన్నది ఇసుక, రాతిపొడి నిండిన శీతల ఎడారి. అక్కడ స్కేటు అంచును కాపాడుకోవడం ఎంత పనో మీరే ఊహించుకోండి.

మీకు ఐసు చెరువు దొరకదు కనుక, ఇంట్లో చేయదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. పూత లేని మామూలు ఇనప మేకులు నాలుగు తీసుకుని గరుకుకాగితంతో మెరిసేట్టు రుద్దండి. మొదటిదాన్ని తడిపి, పొడిగుడ్డతో బాగా తుడిచి, గుడ్డలో చుట్టండి. రెండోదాన్ని తడిపి, తుడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టండి. మూడోదాన్ని ఉప్పునీటిలో తడిపి అలాగే ఇంకో కవరులో కట్టండి. నాలుగోదానికి నూనె పలచగా రాసి బయట ఉంచండి. రోజూ ఉదయం చూసి, కనిపించింది తేదీతో సహా నోటు పుస్తకంలో రాయండి. పనిలో పనిగా ఒక పాత స్టీలు చెంచా వెనకభాగాన్ని ఒకచోట ఐసు ముక్కతో, మరోచోట తడి ఇసుకతో వందేసిసార్లు రుద్ది, భూతద్దం పెట్టి రెండు చోట్లా చూడండి. అమ్మను అడక్కుండా కొత్త చెంచా మాత్రం తీయకండి.